డీఎన్ఏ అన్ని కణాల్లో ఒకటే కదా, మరి మెదడు కణాల్లో ఏ జీన్ ఎప్పుడు పని చేయాలో తేల్చేది ఎవరు?

నీట్_బయాలజీ_లెక్చరర్:

అందరికీ నమస్తే. జూనియర్ కాలేజీలో నీట్ బ్యాచ్‌కి బయాలజీ చెప్తుంటాను. మొన్న జీన్ రెగ్యులేషన్‌లో ల్యాక్ ఒపెరాన్ (బ్యాక్టీరియా పాల చక్కెర వాడుకునే జీన్ల గుంపు) అయిపోయాక ఒక అమ్మాయి లేచి, "సార్, కాలేయంలో ఉన్నదీ మెదడులో ఉన్నదీ ఒకే డీఎన్ఏ అయితే కాలేయ కణం ఎప్పుడైనా న్యూరాన్‌లా (మెదడు కణంలా) ఎందుకు మారిపోదు?" అని అడిగింది. ట్రాన్స్‌క్రిప్షన్ ఫ్యాక్టర్లని ఉంటాయమ్మా, ఆ ప్రోటీన్లు వచ్చి డీఎన్ఏ మీద కూర్చుంటేనే జీన్ ఆన్ అవుతుంది అని చెప్పాను. వెంటనే ఇంకోటి వేసింది: "ఆ ఫ్యాక్టర్ కూడా ప్రోటీనే కదా సార్, మరి దాని జీన్‌ని ఎవరు ఆన్ చేశారు?"

సిలబస్‌లో లేదని దాటేయడం నాకు ఇష్టం లేదు. ఇంటికొచ్చి చదవడం మొదలుపెడితే రెస్ట్ అనే ప్రోటీన్ గురించి వచ్చింది, అది న్యూరాన్ జీన్లని ఆపేస్తుందట. న్యూరాన్ జీన్లని ఆపే ప్రోటీన్ మెదడు తయారవడానికి ఎందుకు అంత ముఖ్యం? ఇంకోచోట మెక్‌పీ2 అని ఉంది, అది పాడైతే ఆడపిల్లలకి రెట్ సిండ్రోమ్ అనే మెదడు ఎదుగుదల జబ్బు వస్తుందని రాశారు. అది కూడా జీన్లని ఆపేదేనట. అంటే మెదడులో ఆన్ చేయడం కన్నా ఆపడమే పెద్ద పనా?

ఈ రంగంలో పని చేసేవాళ్ళు ఎవరైనా ఉంటే కాస్త వివరంగా రాయండి. పొడుగైనా ఫర్వాలేదు, పదిహేడేళ్ళ పిల్లలకి మళ్ళీ చెప్పగలిగేలా ఉంటే చాలు.

ల్యాబ్_పోస్ట్‌డాక్:

సార్, ముందు మీ స్టూడెంట్ రెండో ప్రశ్న తీసుకుంటాను. దానికి జవాబు చెప్పకపోతే మిగతాదంతా గాల్లో నిలబడుతుంది.

మొదటి ఫ్యాక్టర్లని ఆన్ చేసింది తల్లి. అండం తయారయ్యేటప్పుడే అందులో తల్లి కణాలు బోలెడన్ని ప్రోటీన్లూ ఆర్ఎన్ఏలూ నింపి పెడతాయి, పిండం తన సొంత జీన్లు మొదలుపెట్టేదాకా నడిచేది వాటి మీదే. ఆ తర్వాత పక్క కణాల నుంచి సిగ్నళ్ళు మొదలవుతాయి. 1924లో స్పీమన్, హిల్డా మాంగోల్డ్ న్యూట్ పిండాల మీద చేసిన ప్రయోగం ఉంది, ఒక పిండంలోంచి చిన్న ముక్క తీసి ఇంకో పిండం పొట్టవైపు అతికిస్తే అక్కడ రెండో వెన్నుపాము, రెండో శరీరం మొదలయ్యాయి. విచిత్రం ఏమిటంటే ఆ ముక్క ఎక్కువగా పుట్టించింది తన కణాల నుంచి కాదు, పక్కన ఉన్న కణాలని ప్రభావితం చేసి వాటితోనే నాడీ కణజాలం కట్టించింది. ఆ సిగ్నల్ ఏమిటో తెలియడానికి దాదాపు డెబ్భై ఏళ్ళు పట్టింది. 1990లలో నాగిన్, కార్డిన్ అనే ప్రోటీన్లు దొరికాయి. అవి చేసే పని బీఎంపీ అనే ఇంకో ప్రోటీన్‌ని పట్టుకుని ఆపడం. బీఎంపీ అందిన కణం చర్మం వైపు వెళ్తుంది, అందకపోతే నాడీ కణం వైపు వెళ్తుంది. కాబట్టి మొట్టమొదటి మెట్టులోనే మీరన్నట్టు "ఆపడం" కనిపిస్తుంది.

ఇప్పుడు రెస్ట్. 1995లో అమెరికాలో రెండు బృందాలు విడివిడిగా కనిపెట్టాయి, అందుకే దానికి ఎన్ఆర్ఎస్ఎఫ్ అని ఇంకో పేరు కూడా ఉంది. వాళ్ళు చూసిన విషయం ఏమిటంటే న్యూరాన్లకి కావలసిన సోడియం ఛానెల్ జీన్ లాంటివాటి దగ్గర సుమారు 21 అక్షరాల ఒక ప్రత్యేక వరుస ఉంటుంది, రెస్ట్ దాన్ని గుర్తుపట్టి కూర్చుంటుంది. మనిషి జీనోమ్‌లో ఇలాంటి చోట్లు సుమారు 2,000 ఉన్నాయి. కూర్చోవడంతో ఆగదు. ఒక చివరన సిన్3, ఇంకో చివరన కోరెస్ట్ అనే ప్రోటీన్లని పట్టుకుంటుంది. అవి తమతో ఎంజైములని తెస్తాయి. వాటిలో హెచ్‌డాక్ అనేది డీఎన్ఏ చుట్టుకునే హిస్టోన్ ప్రోటీన్ల మీద ఉన్న అసిటైల్ అనే రసాయన గుర్తులని తీసేస్తుంది, ఎల్ఎస్‌డీ1 అనేది జీన్ చురుగ్గా ఉందని చెప్పే ఒక మిథైల్ గుర్తుని చెరిపేస్తుంది. హిస్టోన్ల చుట్టూ డీఎన్ఏ చుట్టుకుని ఉంటుందని (ఒక్కో చుట్ట దగ్గర 147 బేస్ జతలు) మీరు క్లాసులో చెప్పే ఉంటారు, అసిటైల్ పోతే ఆ చుట్టలు దగ్గరగా బిగుసుకుంటాయి, జీన్‌ని చదివే ఆర్ఎన్ఏ పాలిమరేజ్‌కి లోపలికి దారి దొరకదు.

మీ స్టూడెంట్ మొదటి ప్రశ్నకి ఇదే జవాబులో పెద్ద భాగం. కాలేయ కణంలో రెస్ట్ రోజూ పని చేస్తూనే ఉంటుంది. న్యూరాన్ అయ్యే దారి అక్కడ ప్రతి నిమిషం మూసి ఉంచబడుతోంది.

మరి మెదడు మూలకణంలో? అక్కడా రెస్ట్ ఉంటుంది, మొదట్లో ఎక్కువే ఉంటుంది. న్యూరాన్ అవ్వడానికి సిద్ధపడే ప్రొజెనిటర్ దశకి వచ్చేసరికి బీటా-టీఆర్‌సీపీ అనే ప్రోటీన్ రెస్ట్‌కి యుబిక్విటిన్ అనే గుర్తు తగిలించి ప్రోటియాజోమ్‌కి పంపించేస్తుంది, అక్కడ ముక్కలవుతుంది. అలా కొద్దిపాటి రెస్ట్ మాత్రం మిగులుతుంది, న్యూరాన్ జీన్లు ఆఫ్‌లోనే ఉంటాయి కానీ చప్పున ఆన్ అవ్వడానికి వీలుగా ఉంటాయి. చివరి విభజన అయ్యి కణం న్యూరాన్ అయ్యేటప్పుడు రెస్ట్ జీనే ఆగిపోతుంది, మిగిలిన ప్రోటీన్ కూడా డీఎన్ఏని వదిలేస్తుంది. కోడి పిండం వెన్నుపాములో రెస్ట్‌ని పోనివ్వకుండా బలవంతంగా ఉంచి చూశారు, అక్కడి న్యూరాన్లు తమ జీన్లని సరిగా వాడలేకపోయాయి, ఆక్సాన్లు (న్యూరాన్ల పొడవాటి తీగలు) వెళ్ళాల్సిన దారి తప్పాయి.

ఒక విషయం మాత్రం పిల్లలకి తప్పకుండా చెప్పండి. రెస్ట్‌ని తీసేస్తే చాలు ఏ కణమైనా న్యూరాన్ అయిపోతుంది అనుకోకూడదు. ఎలుకల్లో రెస్ట్ జీన్‌ని పూర్తిగా తొలగిస్తే పిండం సుమారు పదకొండో రోజుకే చనిపోయింది, కొన్నిచోట్ల ఉండకూడని న్యూరాన్ ప్రోటీన్లు కనిపించాయి కానీ శరీరమంతా మెదడుగా ఏమీ మారలేదు. అడ్డు తొలగాలి, ఆన్ చేసేవాళ్ళూ రావాలి. మీ ల్యాక్ ఒపెరాన్‌లో కూడా అంతే కదా సార్, రిప్రెసర్ (ఆపే ప్రోటీన్) పోయినంత మాత్రాన జీన్ పూర్తి వేగంతో నడవదు, ఆన్ చేసే క్యాప్ ప్రోటీన్ కూడా వచ్చి కూర్చోవాలి.

పిండం_బెంగళూరు:

పైన రాసింది బాగుంది కానీ ఆన్ చేసేవాళ్ళ గురించి ఒక్క వాక్యంతో వదిలేశారు, నా పీహెచ్‌డీ అంతా వాటి మీదే కాబట్టి ఊరుకోలేకపోతున్నా.

న్యూరోజెనిన్2, ఆస్కెల్1 అని రెండు ప్రోటీన్లు ఉన్నాయి. వీటి బలం ఎంతంటే, మామూలుగా మూసుకుపోయి ఉండే క్రొమాటిన్‌లోకి (హిస్టోన్లకి చుట్టుకున్న డీఎన్ఏలోకి) కూడా ఆస్కెల్1 వెళ్ళి తన చోటు వెతుక్కుంటుంది. 2010లో స్టాన్‌ఫర్డ్‌లో ఎలుక చర్మం ఫైబ్రోబ్లాస్ట్‌లలో ఆస్కెల్1, బీఆర్ఎన్2, మిట్1ఎల్ అనే మూడింటిని పెట్టి వాటిని నేరుగా న్యూరాన్లుగా మార్చారు. ఆ మూడోది మిట్1ఎల్ ఉంది చూశారూ, దాని పని న్యూరాన్ కాని జీన్లని ఆపడం! రెస్ట్‌కి సరిగ్గా తిరగేసిన పని అన్నమాట. కండరానికి, కాలేయానికి చెందిన జీన్లు న్యూరాన్‌లోకి రాకుండా చూస్తుంది.

మా ల్యాబ్‌లో మనిషి ఐపీఎస్ కణాల్లో (మామూలు కణాలని వెనక్కి తిప్పి చేసిన మూలకణాలు) న్యూరోజెనిన్2 పెట్టి వాడుతుంటాం. కణాలు పెరిగే ద్రవంలో డాక్సీసైక్లిన్ అనే యాంటీబయాటిక్ వేస్తే ఆ జీన్ ఆన్ అవుతుంది, వేయకపోతే లేదు. వేయకముందు ప్లేట్‌లో కణాలు ఒకదానికొకటి ఆనుకుని గుండ్రటి కాలనీలుగా, అంచులు గీత గీసినట్టు ఉంటాయి. డాక్సీ వేసిన కొద్ది రోజులకే ఆ అంచులు చెదిరిపోయి, ఒక్కో కణం విడివడి, ఒక కొసన సన్నగా దారం తీయడం మొదలుపెడుతుంది, రెండు వారాలు తిరిగేసరికి ప్లేటంతా ఆ దారాలే. ఒక్క ప్రోటీన్ ఇంత పని చేస్తుందా అని కొత్తగా చేరిన ప్రతి స్టూడెంటూ మైక్రోస్కోప్ దగ్గర నిలబడిపోతారు, నాకు ఇప్పటికీ అలాగే ఉంటుంది.

కానీ అసలు పిండంలో ఇలా ఒక్కసారిగా ఆన్ అయితే కొంప మునుగుతుంది. మూలకణాలన్నీ తొందరపడి న్యూరాన్లు అయిపోతే ఇక విభజన జరగడానికి ఎవరూ మిగలరు, విత్తనాల వడ్లు వండుకు తిన్నట్టే. హెస్1 అనే ప్రోటీన్ ఇక్కడ కాపలా. ఇది న్యూరోజెనిన్2ని, ఆస్కెల్1ని అణిచి ఉంచుతుంది. అంతేకాదు, తన సొంత జీన్‌ని కూడా తనే అణుస్తుంది. దానివల్ల ఏమవుతుంది? హెస్1 పెరిగితే దాని జీన్ ఆగుతుంది, ఆ ప్రోటీన్ కొద్ది నిమిషాల్లోనే విరిగిపోయే రకం కాబట్టి పరిమాణం పడిపోతుంది, పడిపోగానే జీన్ మళ్ళీ మొదలు. ఇలా రెండు మూడు గంటలకి ఒకసారి పెరుగుతూ తగ్గుతూ ఉంటుంది. క్యోటోలో కగెయామా బృందం దీన్ని చాలా ఏళ్ళపాటు వెంటపడి పట్టుకుంది. హెస్1 తగ్గినప్పుడు న్యూరోజెనిన్2 పైకి లేస్తుంది, మళ్ళీ హెస్1 వచ్చి దాన్ని కిందికి తోస్తుంది.

2013లో వాళ్ళు చేసిన పని నాకు ఈ రంగంలోకెల్లా ఇష్టమైన ప్రయోగం. నీలి కాంతితో ఆస్కెల్1ని ఆన్ చేయగలిగే ఏర్పాటు చేసుకున్నారు. కాంతిని కొన్ని గంటలకోసారి వెలిగించి ఆర్పుతూ ఉంటే మూలకణాలు విభజన చెందుతూనే ఉన్నాయి. అదే కాంతిని ఆపకుండా ఇస్తే న్యూరాన్లు అయ్యాయి. ప్రోటీన్ అదే, కణం అదే, డీఎన్ఏ అదే. తేడా అల్లా ఆ ప్రోటీన్ వచ్చిపోతూ ఉందా, వచ్చి నిలబడిందా అన్నదే. హెస్1, హెస్5 రెండూ లేని ఎలుకల్లో న్యూరాన్లు ముందే పుట్టేసి మూలకణాలు అయిపోతాయి, మెదడు కట్టుబడి సరిగా ఏర్పడదు.

అందుకని పుస్తకాల్లో ఆన్, ఆఫ్ అని గీసే బొమ్మ దగ్గర ఆగకుండా బోర్డు మీద ఒక అల గీసి చూపించండి సార్. సమయం అనేది కూడా సమాచారమే అని పిల్లలకి అక్కడ అర్థమవుతుంది.

నీట్_బయాలజీ_లెక్చరర్:

ఇద్దరికీ చాలా థాంక్స్ అండి. మిట్1ఎల్ సంగతి నాకు అస్సలు తెలియదు. సరే, ఇదంతా పిండం దశలో జరిగేది. మరి రెట్ సిండ్రోమ్ పిల్లలు పుట్టినప్పుడు బాగానే ఉండి ఏడాది, ఏడాదిన్నర వయసులో వెనక్కి వెళ్తారని చదివాను. జీన్ లోపం పుట్టుకతోనే ఉంది కదా, అప్పటిదాకా ఎందుకు బయటపడదు?

పిల్లల_న్యూరో_హైదరాబాద్:

దీనికి నేను చెప్తాను. పిల్లల న్యూరాలజీలో ఉన్నాను, ఈ పిల్లలని ఓపీలో చూస్తుంటాను.

తల్లులు చెప్పే కథ దాదాపు ఒకేలా ఉంటుంది. పాప నవ్వేది, కూర్చునేది, అత్త, తాత అని ఒకటి రెండు మాటలు కూడా వచ్చాయి. తర్వాత ఆ మాటలు పోయాయి. గిలక్కాయ చేతికిస్తే ఇదివరకు పట్టుకునేది, ఇప్పుడు పట్టుకోదు. రెండు చేతులూ ఛాతీ ముందుకి తెచ్చుకుని వేళ్ళలో వేళ్ళు పెట్టి మెలకువగా ఉన్నంతసేపూ పిండుకుంటూ ఉంటుంది, నిద్రపోయాక మాత్రం చేతులు ఆగుతాయి. కళ్ళతో మాత్రం మనిషిని గట్టిగా చూస్తుంది, ఆ చూపు ఒకసారి చూసినవాళ్ళు మర్చిపోరు. వియన్నాలో ఆండ్రియాస్ రెట్ అనే డాక్టర్ 1966లో దీన్ని రాశారు. సుమారు 10,000 మంది ఆడపిల్లల్లో ఒకరికి వస్తుంది.

మెక్‌పీ2 ప్రోటీన్‌ని 1992లో ఎడిన్‌బరోలో ఏడ్రియన్ బర్డ్ బృందం కనిపెట్టింది, రెట్‌కి కారణం దాని జీనే అని 1999లో హ్యూస్టన్‌లో హుదా జోగ్బీ బృందం తేల్చింది. దీని పనిలో రెండు భాగాలు. ఒక చేత్తో డీఎన్ఏ మీద మిథైల్ గుర్తు ఉన్న చోటుని పట్టుకుంటుంది, రెండో చేత్తో ఎన్‌కార్ అనే ప్రోటీన్ గుంపుని పట్టుకుంటుంది. ఆ గుంపులో పైన చెప్పిన హెచ్‌డాక్‌లలో ఒకటి ఉంటుంది. పిల్లల్లో కనిపించే మ్యుటేషన్లు చూస్తే ఈ రెండు పనులూ స్పష్టంగా తెలుస్తాయి. టీ158ఎమ్ అనే మార్పులో 158వ చోట త్రియోనిన్ బదులు మిథియోనిన్ వస్తుంది, డీఎన్ఏని పట్టుకునే చెయ్యి దెబ్బతింటుంది. ఆర్306సీ లో 306వ చోట ఆర్జినిన్ బదులు సిస్టీన్, ఇక్కడ డీఎన్ఏని బాగానే పట్టుకుంటుంది కానీ ఎన్‌కార్‌ని అందుకోలేదు. ఏది పోయినా పాపకి వచ్చేది అదే జబ్బు. ఒక్క అమైనో ఆమ్లం అండి, అంతే.

ఇక మీ ప్రశ్న. ఎదిగిన న్యూరాన్‌లో మెక్‌పీ2 మామూలు ట్రాన్స్‌క్రిప్షన్ ఫ్యాక్టర్‌లా కొద్దిగా ఉండదు, చాలా ఎక్కువగా, దాదాపు హిస్టోన్ చుట్టలతో పోటీ పడేంత ఉంటుంది. అది ఇంతగా పెరిగేది పుట్టాక, న్యూరాన్లు ఎదుగుతున్నకొద్దీ. ఇంకో సంగతి, మీరు క్లాసులో చెప్పే మిథైలేషన్ (మిథైల్ గుర్తు పడటం) డీఎన్ఏలో సీ అక్షరం పక్కన జీ ఉన్నచోట జరిగేది. న్యూరాన్లలో సీ పక్కన ఏ ఉన్నచోట్ల కూడా జరుగుతుంది, అది పిండంలో దాదాపు ఉండదు. పుట్టాక డీఎన్ఎమ్‌టీ3ఏ అనే ఎంజైమ్ దాన్ని రాస్తూ పోతుంది, మనిషిలో మొదటి రెండేళ్ళలో వేగంగా, ఆ తర్వాత మెల్లగా టీనేజ్ దాకా. మెక్‌పీ2 ఆ గుర్తులని కూడా చదువుతుంది. అంటే చదవాల్సిన గుర్తులే మొదటి నెలల్లో తక్కువ. అవి పెరిగి, న్యూరాన్లు ఒకదానితో ఒకటి కలిసే సైనాప్స్‌లు సర్దుకుంటున్న కాలంలో చదివే ప్రోటీన్ లేకపోతే అప్పుడు లోటు బయటపడుతుంది. జబ్బు అప్పుడు మొదలైనట్టు మనకి అనిపిస్తుంది కానీ జాగ్రత్తగా చూస్తే చాలామందిలో అంతకుముందే మెడ మెత్తగా ఉండటం, కదలికలు కాస్త మందంగా ఉండటం లాంటివి కనిపిస్తాయి.

జీన్ ఎక్స్ క్రోమోజోమ్ మీద ఉంటుంది కాబట్టి, ఆడపిల్లల్లో ఒక్కో కణం రెండు ఎక్స్‌లలో ఒకదాన్నే వాడుతుంది కాబట్టి, వాళ్ళ మెదడులో కొన్ని కణాలు మంచి కాపీని, కొన్ని పాడైన కాపీని వాడతాయి. మగపిల్లాడికి ఉన్నది ఒకే ఎక్స్, అందుకే వాళ్ళలో ఇదే మ్యుటేషన్ వస్తే చాలావరకు పుట్టిన కొత్తలోనే తీవ్రంగా ఉంటుంది. ఎక్కువగా ఉన్నా ప్రమాదమే. ఒకే ఎక్స్ మీద మెక్‌పీ2 జీన్ రెండు కాపీలు వస్తే, ముఖ్యంగా మగపిల్లల్లో, ఇంకో తీవ్రమైన జబ్బు ఉంది, కండరాల బలహీనత, ఫిట్స్, మాటిమాటికీ ఇన్ఫెక్షన్లు. జీన్ థెరపీ చేసేవాళ్ళకి ఉన్న పెద్ద టెన్షన్ ఇదే, ఒక్కో కణంలో ఎంత పడాలో అంతే పడాలి.

ఇది చదివే తల్లిదండ్రులు ఎవరైనా ఉంటే మీకోసం రెండు మాటలు. ఈ మ్యుటేషన్ ఎక్కువ శాతం పిల్లల్లో కొత్తగా వచ్చినదే, అమ్మానాన్నల్లో ఉండదు, గర్భంతో ఉన్నప్పుడు మీరు తిన్నదాని వల్లో చేసిన పని వల్లో వచ్చింది కాదు. రెండోది, 2007లో బర్డ్ ల్యాబ్‌లో మెక్‌పీ2 ఆగిపోయి జబ్బు లక్షణాలు వచ్చేసిన ఎలుకల్లో ఆ జీన్‌ని తిరిగి ఆన్ చేశారు, అవి చాలావరకు కోలుకున్నాయి. న్యూరాన్లు చచ్చిపోలేదు, ప్రోటీన్ కోసం ఎదురుచూస్తున్నాయి అని అప్పుడు తెలిసింది. మనుషుల్లో ఆ స్థాయికి ఇంకా రాలేదు. 2023లో అమెరికాలో ట్రోఫినెటైడ్ అనే మందుకి అనుమతి వచ్చింది, అది లక్షణాలు కొంత తగ్గిస్తుంది, జీన్‌ని సరిచేయదు. ఫిజియోథెరపీ, ఫిట్స్ అదుపులో ఉంచడం, వెన్ను వంకర పోకుండా చూసుకోవడం, కళ్ళతో బోర్డు మీద బొమ్మలు చూపించి మాట్లాడించడం, ఇవి మానకండి.

కొత్త_మెంబర్_వరంగల్:

డాక్టర్ గారూ, సంబంధం ఉందో లేదో తెలియదు కానీ హెచ్‌డాక్ అని చదవగానే అడగాలనిపించింది. మా చెల్లికి ఫిట్స్ ఉన్నాయి, చాలా ఏళ్ళ నుంచి వాల్‌ప్రొయేట్ వాడుతోంది, వచ్చే నెల పెళ్ళి. ఆ మందు హెచ్‌డాక్‌ని ఆపుతుందని ఎక్కడో చదివాను. నిజమేనా? ఆ మందు మానేయాలా?

పిల్లల_న్యూరో_హైదరాబాద్:

సంబంధం ఉంది, అడిగి మంచి పని చేశారు. వాల్‌ప్రొయేట్ హెచ్‌డాక్‌లని ఆపుతుందని 2001లో తెలిసింది. పిండం మెదడులో ఏ జీన్ ఎప్పుడు మూసి ఉండాలో చూసే యంత్రాంగంలో హెచ్‌డాక్ ఎంత ముఖ్యమో పైన చదివారు కదా, ఈ మందు గర్భంలో చేసే హానికి ఇదొక ముఖ్య కారణమని అనుకుంటున్నారు. గర్భంతో ఉన్నప్పుడు వాల్‌ప్రొయేట్ వాడిన తల్లుల పిల్లల్లో సుమారు 100కి 10 మందికి వెన్నుపాము సరిగా మూసుకోకపోవడం లాంటి పుట్టుక లోపాలు, 30 నుంచి 40 మందికి మాట, నేర్చుకోవడం, ఆటిజం లాంటి ఎదుగుదల సమస్యలు కనిపించాయని బ్రిటన్ మందుల నియంత్రణ సంస్థ డాక్టర్లని హెచ్చరించింది.

కానీ చెల్లిని ఒక్క మాత్ర కూడా సొంతంగా ఆపనివ్వకండి. ఒక్కసారిగా ఆపితే ఆగకుండా ఫిట్స్ వచ్చి ప్రాణం మీదికి రావచ్చు. పెళ్ళికి ముందే, ఈ వారంలోనే న్యూరాలజిస్ట్ దగ్గరికి తీసుకెళ్ళి "పిల్లలు కావాలనుకుంటున్నాం" అని నేరుగా చెప్పండి. లెవెటిరాసెటమ్, లామోట్రిజిన్ లాంటివి ఉన్నాయి, ఆమె ఫిట్స్ రకాన్ని బట్టి కుదిరితే మెల్లగా మారుస్తారు, దానికి నెలలు పట్టొచ్చు, అప్పటిదాకా గర్భం రాకుండా ఏం వాడాలో కూడా అక్కడే అడగండి. ఫోలిక్ యాసిడ్ ఎంత మోతాదులో, ఎప్పటి నుంచి అన్నది కూడా వాళ్ళే చెప్తారు. పెళ్ళికొడుకు వాళ్ళకి తెలియకూడదని మాత్రలు దాచే ఇళ్ళు నేను చూశాను, దయచేసి అలా చేయకండి, ఆ అబ్బాయిని కూడా డాక్టర్ దగ్గరికి వెంటబెట్టుకు వెళ్ళండి. పాత ఈఈజీ, ఎమ్ఆర్ఐ రిపోర్టులు అన్నీ ఫైల్‌లో పెట్టుకోండి.

కొత్త_మెంబర్_వరంగల్:

థాంక్యూ డాక్టర్ గారూ. రేపు ఉదయమే అపాయింట్‌మెంట్ తీసుకుంటాం.